బోల్టుల ఇంటి అప్ప

మొన్న విజయనగరం నుంచి బస్సులో వస్తుంటే, రోడ్డు పక్కన కొత్త స్థలాల దగ్గర ఒక ఇల్లు గాలిలో వేలాడుతూ కనిపించింది. తలుపు, కిటికీలు, రంగులు అన్నీ ఉన్న ఇల్లు. క్రేను దాన్ని మెల్లగా కిందికి దించుతోంది. నాకు తొందర పనులేమీ లేవు కాబట్టి బస్సు దిగి వెళ్ళి చూశాను. అక్కడ అమ్మకాలు చూసే అతను నన్ను కొనడానికి వచ్చినవాణ్ణి అనుకున్నాడు.

"రెండు రోజుల్లో గృహప్రవేశం చేసేసుకోవచ్చు సార్. చెద పట్టదు, నిప్పంటుకోదు. మీరు ఊరు మారితే ఇల్లు కూడా మీతో వచ్చేస్తుంది."

"ఎండాకాలం ఎలా?"

"అదొక్కటే సార్. ఏసీ పెట్టించుకోవాలి."

నేను గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాను. అతను వింతగా చూశాడు. గోడని అలా తాకి చూడటం నాకు అప్ప దగ్గర అబ్బిన అలవాటు. లోపలికి వెళ్ళే ముందు ఆవిడ ప్రతిసారీ గోడ మీద చెయ్యి వేసి, ఒక క్షణం ఆగి, అప్పుడు గడప దాటేది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసేది.

అరవైల చివర నేను రామతీర్థం కొండకి అవతల ఒక చిన్న ఊళ్ళో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఇంకా పెళ్ళి కాలేదు. మా నాన్న బొబ్బిలిలో సంగీతం చెప్పేవాడు. నాకు గొంతు లేకపోవడంతో పంతులుద్యోగానికి వచ్చాను. నేను పనిచేసిన ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అక్క వరసలో అప్ప అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ పెనిమిటి అందరికీ బావ. బావ పొడుగ్గా, వంగిన వీపుతో, రోజంతా మాట్లాడకుండా ఉండగల మనిషి. అప్ప పొట్టిగా, చురుగ్గా ఉండేది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడకుండా వాళ్ళ వెనక ఇంటి పైకప్పు చూస్తూ మాట్లాడేది. పూర్వం అలా ఉండేది కాదట. మంటల తర్వాత వచ్చిన అలవాటది.

ఆ మంటలు నేనూ చూశాను. నడి వేసవి, మధ్యాహ్నం. ఊళ్ళో సగం మంది జీడితోటల్లో ఉన్నారు. పడమటి గాలి గట్టిగా వీస్తోంది. అప్పావాళ్ళ పూరింటి మీద పొగ లేచింది. మేం బిందెలు పట్టుకుని పరిగెత్తేసరికి పక్కిల్లు, ఆ పక్కిల్లు, బడి పాక, వరసగా అంటుకుపోయాయి. అప్ప నూతి దగ్గర నుంచి అరుస్తూ వచ్చి ఇంట్లోకి దూరబోయింది. నలుగురు పట్టుకున్నారు. లోపల మంచంలో వాళ్ళ అత్త ఉంది, కాళ్ళూ చేతులూ పడిపోయి ఏడాదిగా మంచంలోనే ఉన్న మనిషి. ఆమెను తేలేకపోయారు.

అప్ప పొయ్యి మీద అంబలి పెట్టి నీళ్ళకి వెళ్ళింది. ఇది ఊరంతటికీ తెలుసు. ఆ తర్వాత ఎవరూ ఆవిడ ముందు ఏమీ అనలేదు గానీ, ఆవిడ దాటిపోగానే మాట్లాడుకోవడం మొదలుపెట్టేవాళ్ళు. పొయ్యిలో నిప్పు వదిలేసి పోయింది, అత్త పీడ వదిలించుకుంది అని కూడా అన్నారు. అప్ప కాదనలేదు, అవుననీ అనలేదు.

అప్పటి నుంచి రోజూ దీపాలు పెట్టే వేళ ఒక ముంతలో నీళ్ళు పట్టుకుని ఊరి మొదటి నుంచి చివర దాకా నడిచేది. ప్రతి వాకిట్లోనూ ఆగేది.

"పొయ్యి ఆర్పీసినారేటి?"

"ఆర్పీసినాం లే అప్పా."

"నీల్లు జల్లినారా? బూడిది కింద నిప్పుంటాది. సూడండొకపాలి."

కొందరు విసుక్కునేవారు. కొందరు లోపల నుంచి వినబడేలా నవ్వేవారు. ఆవిడ మాత్రం కప్పు వైపు చూస్తూ జవాబు వచ్చేదాకా కదిలేది కాదు.

వానలు మొదలయ్యే ముందు లారీలు వచ్చాయి. కొత్తవలస దగ్గర కొత్త రైలు మార్గం వేసేవాళ్ళ కోసం తెప్పించిన ఇళ్ళలో మిగిలినవట. మంటల్లో ఇళ్ళు పోయినవాళ్ళకి ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లారీలోంచి ఇల్లు ముక్కలు ముక్కలుగా దిగింది. సిమెంటు పలకలు, ఇనప బద్దలు, సిమెంటు రేకులు, గోనెసంచుల నిండా బోల్టులు. వచ్చిన పనివాళ్ళు ఊరి బయట మెరకలో పొద్దున్న ఇనపచట్రం నిలబెట్టారు. సాయంత్రానికి పలకలు బిగించి, పైన రేకులు వేసి, తలుపుకి గొళ్ళెం కూడా పెట్టేశారు. మట్టి తొక్కలేదు, గోడ పెట్టలేదు, ముహూర్తం అడగలేదు. ఊరంతా నోళ్ళు తెరుచుకుని చూసింది. వారం తిరిగేసరికి ఒక వరస లేచింది. అందులో చివరిది బడికీ నాకూ ఇచ్చారు.

చూడటం వేరు, అందులో ఉండటం వేరు. ఆ ఇళ్ళకి అరుగు లేదు, అటక లేదు. గోడకి మేకు దిగదు, దేవుడి పటం ఎక్కడ పెట్టాలో తెలియదు. నేల సిమెంటుది, రోలు పాతుకోవడానికి వీల్లేదు. అన్నిటికంటే ముఖ్యంగా ఎండ. పదింటికల్లా రేకులు కాగి, లోపల కూర్చుంటే నెత్తి మాడేది. వాన పడితే చప్పుడుకి పక్కనున్న మనిషి మాట వినబడేది కాదు. నేను పిల్లలకి ఎక్కాలు చెప్పడం మానేసి పలకల మీద రాయించేవాణ్ణి. ఊళ్ళో చాలామంది ఒక్కసారి వచ్చి లోపల తిరిగి చూసి, పాత చోటే మళ్ళీ తాటాకుతోనూ గడ్డితోనూ గుడిసెలు వేసుకున్నారు. కొత్త ఇళ్ళలో మేకల్ని కట్టారు, గడ్డి దాచారు.

అప్ప మాత్రం మొదటి రోజే వచ్చేసింది. రెండు కుండలు, ఒక చాప, ఒక ట్రంకు పెట్టె, అంతే సామాను. గోడకి చెయ్యి ఆనించి, కప్పు వైపు చాలాసేపు చూసింది.

"మేస్టారా, ఇది నిప్పంటుకోదా?"

"అంటుకోదు అప్పా. ఇది సిమెంటు."

"నిజింగా?"

నేను అగ్గిపుల్ల గీసి ఆ పలకకి తగిలించాను. నల్లగా మసి మచ్చ పడింది, అంతే. అప్ప ఆ మచ్చని వేలితో తుడిచి, వేలు చూసుకుని, గోడ పక్కనే కూలబడి ఏడ్చింది. మంటల రోజు తర్వాత ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు.

బావ రాలేదు. పాత చోటే గుడిసె వేసుకుని, ఎద్దులు రెంటినీ పక్కన కట్టుకుని ఉండిపోయాడు. అప్ప రోజూ కూడు పట్టుకెళ్ళి అక్కడే కూర్చుని తినిపించి వచ్చేది. పిలిచి పిలిచి అలిసిపోయేది.

"అది ఇల్లేటి? పాలపొడి డబ్బా," అనేవాడు బావ.

"డబ్బాయే. అయితే ఏటి? డబ్బా కాలదు."

దానికి అతను చుట్ట వెలిగించుకుని వేరే వైపు తిరిగేవాడు. ఆవిడ ఆ చుట్ట ఆరేదాకా అక్కడే కూర్చుని, అప్పుడు లేచి వచ్చేది. ఒకే ఊళ్ళో, మొగుడూ పెళ్ళాం, పోట్లాట లేకుండా రెండిళ్ళలో ఉండటం ఊరికి కొత్త. ఆ కబుర్లు కూడా అప్ప మెడకే చుట్టారు. అత్తని చంపిన దానితో మొగుడెలా ఉంటాడు అన్నారు.

ఆ వానాకాలంలోనే ఖాళీ ఇళ్ళ బోల్టులు పోవడం మొదలైంది. బండికి కావాలని ఒకడు, నాగలికి కావాలని ఇంకొకడు విప్పుకుపోతున్నారు. పనివాళ్ళు పొద్దుట నుంచి సాయంత్రం లోపల బిగించిన ఇల్లు, విప్పడం అంతకంటే తేలిక. ఒకరోజు ఊళ్ళో కాస్త పెత్తనం చేసే రైతు ఒకతను రెంచి పట్టుకుని అప్ప పక్కింటి చూరు దగ్గర నిచ్చెన వేశాడు. అప్ప వెళ్ళి నిచ్చెన పట్టుకుంది.

"దిగు."

"ఖాళీ ఇల్లే గదా. నీకేటి నొప్పి?"

"ఖాళీదయితే? రేకులు వొదులవుతాయి. గాలొస్తే ఎగిరొచ్చి ఎవుడి మెడ మీద పడతాయో. దిగుతావా, నిచ్చెన లాగేనా?"

బోల్టుల కోసం వచ్చినవాళ్ళు, చూడటానికి వచ్చినవాళ్ళు, చిన్న గుంపయింది. బావ కూడా ఎద్దుల్ని తోలుకుపోతూ ఆగాడు. ఆ రైతు నిచ్చెన దిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఊరికి నిప్పెట్టిన దానివి, నువ్వు సెప్తావేటి మాకు బుద్దులు!"

అంతవరకూ వెనక అనుకున్న మాట మొదటిసారి ఆవిడ మొహం మీద పడింది. నేను అప్పని చూస్తున్నాను. ఆవిడ ఆ మనిషిని చూడలేదు, కప్పు వైపు కూడా చూడలేదు. నేరుగా బావ వైపు చూసింది. బావ మొహం బూడిదలా అయిపోయింది. పెదాలు కదిలాయి. అప్ప తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. బావ ఎద్దుల్ని అదిలించి వెళ్ళిపోయాడు. భార్యని అంత మాటన్నా నోరెత్తని మగాడేమిటని నాకు ఒళ్ళు మండింది. అతని మీద ఆ కోపం కార్తీకమాసం దాకా నాలో ఉండిపోయింది.

కార్తీకంలో తుపాను వచ్చింది. రెండు రోజులు ఆకాశం మూసుకుని, మూడో రోజు పొద్దున్న గాలి తిరిగింది. మధ్యాహ్నానికి చెట్లు నేలకి వంగుతున్నాయి. పిల్లల్ని ఇళ్ళకి పంపేశాను గానీ కాసేపటికే తల్లులతో సహా మళ్ళీ వచ్చేశారు. గుడిసెల మీద గడ్డి పాయలు పాయలుగా ఎగిరిపోతోంది. తడిసిన మనుషులు, మూటలు, కోళ్ళు, పిల్లలు మా వరసలోకి వచ్చిపడ్డారు. నా ఇల్లూ అప్ప ఇల్లూ నిండిపోయాయి. అప్ప తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి లాగుతోంది. నిచ్చెన వేసిన ఆ రైతు పెళ్ళాం బిడ్డలతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"లోనకి రా, తలుపెయ్యాల," అంది అప్ప.

అంతలో అవతలి కొసన ఖాళీ ఇంటి మీద రేకు లేచింది. మొదట ఒక మూల టపటప కొట్టుకుంది. తర్వాత మొత్తంగా ఊడి, తలుపంత రేకు గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి చింతచెట్టుకి తగిలి ముక్కలైంది. వెంటనే ఇంకోటి. బోల్టులు తీసిన ఇళ్ళన్నీ అలా విప్పుకోవడం మొదలుపెట్టాయి. లోపల ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు.

అప్ప జనాన్ని ఒకసారి కలయజూసింది. "మీ బావ రానేదు," అని చీర కొంగు నడుముకి బిగించి బయటికి నడిచింది. నేను ఆపబోయాను. ఆగే మనిషి కాదు. వెనకే పరిగెత్తాను.

గాలికి నిలబడలేక ఒక్కోచోట పాకుతూ వెళ్ళాం. ఒక రేకు ముక్క మా ముందు నేలలో కత్తిలా దిగింది. బావ గుడిసె ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎద్దుల పలుపులు విప్పేసి వాటిని వదిలేశాడు. తాను మాత్రం ఆ పలుపులు చేతిలో పట్టుకుని లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"లెగు," అంది అప్ప.

"నాను రాను. నువ్వెల్లిపో."

"పడిపోతాది ఇది. లెగు."

"పడనీ. మాయమ్మ ఎలా పోయిందో నానూ అలాగే పోతాను." గాలి హోరులో అరిచి చెప్పాల్సి వచ్చింది. "నిప్పు నాదే! సుట్ట ఆరిందనుకుని సూర్లో దోపినాను. దోపి తోటకి పోనాను. నీ పొయ్యి కాదు. నా సుట్ట."

నేను అప్ప వైపు తిరిగాను. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నాకు ఎరికే," అంది. "నూతి కాడ నుంచి సూసినాను. ముందల సూరు అంటుకున్నాది. పొయ్యి యెనకాల. ఎరికనేకేటి? లెగు మరి."

"ఎరికా? ఎరికుండి..."

"లెగమంటన్నాను!"

అతని రెక్క పట్టుకుని లాగింది. నేను రెండో పక్క పట్టుకున్నాను. మేం బయటపడి నాలుగడుగులు వేశామో లేదో గుడిసె కూర్చుండిపోయింది. వెనక్కి చూడటానికి కూడా తీరిక లేదు.

తిరిగి వచ్చేసరికి అప్ప ఇంటి కప్పు కూడా ఒక మూల లేస్తోంది. బోల్టులున్నా, రేకు కిందికి గాలి దూరితే బోల్టు చుట్టూ రేకే పగులుతుంది. లేచినప్పుడల్లా ఆకాశం కనబడుతోంది, లోపల పిల్లలు కెవ్వుమంటున్నారు. అంతవరకూ ఆ ఇంటి గడప తొక్కని బావ, లోపలికి వచ్చి ఒక్కసారి పైకి చూశాడు. చేతిలో పలుపులు అలాగే ఉన్నాయి. వాటిని ముడేసి, పగిలిన సందులోంచి రేకు మీదుగా దాటించి, రెండో వైపు చూరు సందులోంచి లోపలికి లాగి, చివరలు పట్టుకుని వేలాడాడు. "పట్టండర్రా!" అన్నాడు. మగాళ్ళందరం ఆ తాళ్ళకి వేలాడాం. ఆ రైతు బావ పక్కనే ఉన్నాడు. గాలి ఎత్తినప్పుడల్లా మా మడమలు నేల నుంచి లేచేవి.

అలా ఉండగా బావ ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"వినండి. ఆ దినం నిప్పు దీని పొయ్యిది కాదు. నా సుట్టది. మాయమ్మని నానే సంపుకున్నాను."

"ఇప్పుడేటా కబుర్లు! తాడు ఒగ్గీకు!" అని అరిచింది అప్ప. ఆవిణ్ణి అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దు గూకే వేళకి గాలి తగ్గింది. ఆ కప్పు నిలిచింది. ఊళ్ళో గుడిసె అన్నది ఒక్కటి మిగల్లేదు, బోల్టులు తీసిన ఇళ్ళ మీద ఒక్క రేకూ మిగల్లేదు. మనుషులు మాత్రం అందరూ మిగిలారు.

నాలుగు రోజుల తర్వాత, ఇద్దరం విరిగిన రేకు ముక్కలు ఏరుతుండగా అడిగాను. "ఎందుకు చెప్పలేదు అప్పా? ఇన్నాళ్ళూ ఎందుకు పడ్డావు?"

"పోయింది ఆడి అమ్మ కదా మేస్టారా," అంది. "నా మీదుంటే అది ఉత్త మాటే. మీ బావ మీదుంటే నిజిం. ఉత్త మాటయితే మొయ్యొచ్చు." ఇంకో ముక్క ఏరి పక్కన పెట్టి, "ఆడంతట ఆడు సెప్పీసినాడు. తేలికపడ్డాడు. నాకే కోపం పోలేదు ఇంకా," అని నవ్వింది.

బావ ఆ ఇంటికి వచ్చేశాడు. చుట్ట మానేశాడు. మిగతావాళ్ళు కూడా నిలిచిన ఇళ్ళలోకి వచ్చి చేరారు. ఎండలు ముదిరాక ఒక ఉపాయం పట్టారు. సిమెంటు రేకుల మీద తాటాకు పరిచి, దానిమీద గడ్డి కప్పేవారు. లోపల చల్లగా ఉండేది. నేనూ వేయించుకున్నాను. వరసలో అప్ప ఇల్లు ఒక్కటే బోడి రేకులతో ఉండేది. గడ్డి మాటెత్తితే ఆవిడ మొహం మారిపోయేది.

వైశాఖంలో బావకి వడదెబ్బ తగిలింది. పొలం నుంచి మోసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. వైద్యం తెలిసినతను రామతీర్థం నుంచి వచ్చి చూసి, "ఈ రేకుల కింద ఉంచితే మనిషి దక్కడు. చల్లని చోటికి మార్చండి," అన్నాడు. మార్చడానికి కదిలించేలా లేడు. గడ్డి కప్పిన మా ఇంటికి ఎత్తుకెళదామని నేనూ, నిచ్చెన వేసిన ఆ రైతూ మంచం పట్టుకుంటే, రెండడుగులకే వాంతి చేసుకుని కళ్ళు తేలేశాడు. మళ్ళీ దించేశాం.

అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. గోడ మీద చెయ్యి వేసి, ఆ వేడికి చటుక్కున తీసేసింది. పెనిమిటి వైపు చూసింది. తర్వాత ఆ రైతు వైపు తిరిగి, "మీ కల్లంలో గడ్డుందా?" అని అడిగింది.

"ఉన్నాది అప్పా."

"తెండి. కప్పీండి."

కప్పుతున్నంతసేపూ తానే కింద నుంచి కట్టలు అందించింది. ఒక కట్ట జారి పడితే తీసి మళ్ళీ అందించింది. ఎవరూ సాయానికి వెళ్ళలేదు, ఆవిణ్ణే అందనిచ్చాం. పని అయ్యాక నూతి నుంచి బిందెలు తెచ్చి గోడ చుట్టూ పేర్చింది. బావ ఆ గడ్డి కింద పడుకున్నాడు. అప్ప మాత్రం మళ్ళీ ఆ కప్పు కింద పడుకోలేదు. లోపలికి వెళ్ళేది, గంజి తాగించేది, ఒళ్ళు తుడిచేది, బయటికొచ్చి ఎండలో కప్పు కనబడేలా కూర్చునేది. రాత్రిళ్ళు "లోన తొంగోనేను," అని వాకిట్లోనే చాప వేసుకుని పడుకునేది. మొహం పీక్కుపోయింది. బావ లేచి కూర్చునేసరికి ఆవిడే రోగిలా తయారైంది.

తొలకరి ఇంకా పడలేదు. ఒకరోజు సాయంత్రం నేను పిల్లల్ని పంపించి వస్తుంటే, బావ నిచ్చెన వేసుకుని పైకెక్కి కనబడ్డాడు. ఇంకా నీరసంగానే ఉన్నాడు, ఒక చేత్తో ఇనపబద్ద పట్టుకుని రెండో చేత్తో గడ్డి పెరికి కింద పడేస్తున్నాడు. అప్ప ముంత పట్టుకుని ఊరు తిరిగొచ్చి వాకిట్లో ఆగిపోయింది.

"ఏటి సేస్తన్నావు? దిగు! ఇంకా ఎండలు తగ్గనేదు. ఉక్కపోస్తాది నీకు, ఉంచీ."

బావ ఇంకో చేరెడు లాగి కిందికి విసిరాడు.

"పోస్తే పోయనీ," అన్నాడు. "నువ్వు లోన తొంగో."